నెత్తుటి చుక్క, సైన్ తీటా, ఓ సైన్సు టీచరు



ఇందిరా నగర్, గోరిమేడు, ధన్వంతరి నగర్. పుదుచ్చేరి పట్టణంలో ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న పేటలివి. ఆకాశవాణి కేంద్రం ఇందిరా నగర్‌లోనే ఉంది. జిప్‌మర్ కూడా అక్కడికి దగ్గరే. ఫ్రెంచివాళ్ళు 1823లో పెట్టిన వైద్య పాఠశాలే చేతులు మారి, పేర్లు మారి చివరికి జిప్‌మర్ అయింది. అందులో ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం ఉంది. పోస్టుమార్టం, విసెరా సీసాలు, సీలు, నివేదిక వంటి మాటలు అక్కడ రోజూ వినబడేవే.

అదే పేటల్లోంచి ప్లస్ టూ పిల్లలు బడికి వెళ్తుంటారు. వాళ్ళ బయాలజీ పుస్తకంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ గురించి కొన్ని పేజీలున్నాయి. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పేపర్ క్రొమటోగ్రఫీ ఉంది. పదో తరగతి లెక్కల్లో సైన్, కాస్ ఉన్నాయి. నేర పరిశోధనకు కావలసిన సామాను చాలావరకు బడిలోనే ఉందన్నమాట. లేనిదల్లా ఫోరెన్సిక్ సైన్స్ అనే పీరియడు, ఆ పేరుతో ఒక టీచరు. కొన్ని దేశాల్లో ఆ పీరియడూ ఉంది, ఆ టీచరూ ఉన్నారు. వాళ్ళకు పాఠాలు తయారుచేసి ఇవ్వడమే వృత్తిగా బతికేవాళ్ళూ ఉన్నారు. ఈ ప్రసంగం వాళ్ళ గురించి, వాళ్ళలాంటివాళ్ళు ఇక్కడ తయారు కావాలంటే దారి ఎటు అన్న దాని గురించి.

ముందు ఆ బయాలజీ పుస్తకం సంగతి. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను వివరిస్తూ బ్రిటిష్ శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ పేరు చెబుతుంది. మన జన్యుపదార్థంలో ఒకే తునక మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లుంటాయనీ, ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుందనీ చెబుతుంది. ఇంతవరకు పరీక్షకు చాలు. ఫోరెన్సిక్ పాఠం చెప్పదలచిన టీచరు అక్కడ ఆగలేరు. జెఫ్రీస్ 1984లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతి కనిపెట్టిన రెండేళ్ళకే అది ఒక హత్య కేసులోకి వెళ్ళింది. ఇద్దరు బాలికల హత్యలు. పోలీసుల చేతిలో పదిహేడేళ్ళ కుర్రాడు ఉన్నాడు, ఒక హత్యను ఒప్పుకున్నాడు కూడా. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే రెండు నేరాలూ చేసింది ఒక్కడేననీ, ఆ ఒక్కడు ఈ కుర్రాడు కాదనీ తేలింది. అసలు నేరస్థుడు ఆ తర్వాత దొరికాడు. హత్య దర్యాప్తులోకి అడుగుపెట్టిన డీఎన్‌ఏ పరీక్ష మొదట చేసిన పని ఒక అమాయకుణ్ణి విడిపించడం. తరగతిలో ఈ వరస తప్పకుండా చెబితే పిల్లల తలలో శాస్త్రం చోటు మారిపోతుంది. పోలీసు పక్కన నిలబడే మనిషిలా కాకుండా పోలీసుకూ నిందితుడికీ సమదూరంలో నిలబడే మనిషిలా కనబడుతుంది.

తెలుగు పిల్లలకైతే ఇంకో కథ చెప్పాలి. అది హైదరాబాదు కథ. లాల్జీ సింగ్ ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ ప్రాంతం పల్లెటూరివాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల లింగ నిర్ధారణ మీద పరిశోధన మొదలుపెట్టాడు. పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము డీఎన్‌ఏలో పదే పదే వచ్చే ఒక తునక మీద ఆయన దృష్టి పడింది. ఎడిన్‌బరోలోనూ దాని మీదే పనిచేశాడు. హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకు వచ్చాక ఆ పాము తునక ఆధారంగానే మనుషుల్ని విడివిడిగా గుర్తుపట్టే పద్ధతిని తయారుచేశాడు. కట్లపాము ఆడదా మగదా అని తేల్చబోయిన పని బిడ్డకు తండ్రి ఎవరో కోర్టుకు చెప్పే స్థాయికి వచ్చింది. 1980ల చివర్లో కేరళలోని తలశ్శేరి కోర్టులో నడిచిన పితృత్వ వివాదంలో ఆయన పరీక్ష ఫలితాన్ని సాక్ష్యంగా స్వీకరించారు. ఆ తలశ్శేరికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన మాహే ఉంది. రాజీవ్ గాంధీ హత్య కేసులోనూ, ఢిల్లీ తందూర్ హత్య కేసులోనూ శవాల గుర్తింపుకు హైదరాబాదు పరీక్షలే అక్కరకొచ్చాయి. ఈ పని కోసమే 1990ల్లో హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ పుట్టింది. లాల్జీ సింగ్ 2017లో కన్నుమూశారు.

పుస్తకంలో నాలుగు పేజీలుగా ఉన్నదాన్ని నాలుగు పీరియడ్ల పాఠంగా మార్చడమంటే ఇదే. పాము ఎందుకు వచ్చింది, కోర్టు ఎందుకు నమ్మింది, ఎదుటి పక్షం వకీలు ఏమడిగి ఉంటాడు? ఈ ప్రశ్నలను వరసలో పేర్చేవాణ్ణి పాఠ్యప్రణాళిక రూపకర్త అంటారు. పేరు బరువుగా ఉంది గానీ పని మాత్రం ఎక్కడ ఆపాలో, ఎక్కడ పిల్లలనే ఊహించమనాలో తెలిసి ఉండటం.

ఇక ఈ చదువు బడిలో నిజంగా పాతుకుపోయిన చోటు అమెరికా. 2000 సంవత్సరంలో అక్కడ సీఎస్ఐ అనే టీవీ సీరియల్ మొదలైంది. ప్రయోగశాల కోట్లు వేసుకున్న అందగాళ్ళు, అందగత్తెలు గంటలోపల హంతకుణ్ణి పట్టేసేవారు. హైస్కూలు పిల్లలు సైన్సు టీచర్లను అడగడం మొదలుపెట్టారు, మనకూ ఇది చెప్పరా అని. బడులు ఊరుకోలేదు. కోర్ట్ టీవీ అనే ఛానెల్ అమెరికన్ అకాడమీ ఆఫ్ ఫోరెన్సిక్ సైన్సెస్‌తో కలిసి టీచర్లకు ఉచితంగా పాఠాలు తయారుచేయించి ఇచ్చింది. ఆ అకాడమీ 1948 నుంచీ ఉన్న వృత్తి సంఘం. హైస్కూలు టీచర్ల కోసం శిక్షణ సదస్సులు కూడా జరుపుతూ వచ్చింది. టెక్సస్ రాష్ట్రం తన పాఠ్యప్రణాళికలో ఫోరెన్సిక్ సైన్సును ఒక కోర్సుగానే పెట్టింది. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో చెప్పనక్కర్లేదు కదా. బ్రిటన్‌లో బీటెక్ అనే వృత్తివిద్యా అర్హతల్లోనూ ఫోరెన్సిక్ పరిశోధనకు చోటు దొరికింది. అది మన ఇంజినీరింగ్ బీటెక్ కాదు, పదహారు దాటిన పిల్లలు చదివే కోర్సు.

ఆ క్లాసులకు పుస్తకాలు రాసినవాళ్ళు రెండు రకాలు. రిచర్డ్ సేఫర్‌స్టైన్ న్యూజెర్సీ రాష్ట్ర పోలీసు ప్రయోగశాలకు ముఖ్య శాస్త్రవేత్తగా పనిచేసిన మనిషి. 1977లో కాలేజీల కోసం రాసిన ఆయన 'క్రిమినలిస్టిక్స్' ఆ రంగంలో పెద్దబాలశిక్ష అయింది. తర్వాత హైస్కూలు పిల్లల కోసం ఆయనే వేరే పుస్తకం చేశాడు. రెండో రకం బడి టీచర్లు. ఆంథొనీ బెర్టినో, పట్రీషియా నోలన్ బెర్టినో రాసిన 'ఫోరెన్సిక్ సైన్స్: ఫండమెంటల్స్ అండ్ ఇన్వెస్టిగేషన్స్' అలా వచ్చిందే. ప్రయోగశాల మనిషి రాస్తే విషయం గట్టిగా ఉంటుంది. బడి మనిషి రాస్తే నలభై నిమిషాల్లో ఏ పని ముగుస్తుందో, వెనక బెంచీకి ఏది కనబడుతుందో తెలిసి ఉంటుంది. రెండూ ఒకే తలలో ఉండటం అరుదు. ఉన్నవాళ్ళకు ప్రచురణకర్తలు, ప్రయోగ కిట్లు అమ్మే కంపెనీలు, శిక్షణ సంస్థలు పని ఇస్తాయి.

ప్రాజెక్ట్ లీడ్ ద వే అనే సంస్థ తయారుచేసిన బయోమెడికల్ కోర్సు మరీ ముచ్చటైనది. చాలా ఏళ్ళపాటు ఆ కోర్సు అన్నా గార్సియా అనే కల్పిత మహిళ తన ఇంట్లో చనిపోయి కనబడటంతో మొదలయ్యేది. ఏడాదంతా పిల్లలు ఆమె ఎలా చనిపోయిందో వెతుకుతారు. ఆ వెతుకులాటలో చక్కెర వ్యాధి, సికిల్ సెల్, గుండె జబ్బు అన్నీ నేర్చుకుంటారు. శవం పేరు చెప్పి శరీరధర్మశాస్త్రం నేర్పడం! ఎరను ఇంత తెలివిగా గుచ్చిన పాఠ్యప్రణాళిక మరొకటి చూపడం కష్టం.

టీచరు పని మరి ఎలా ఉంటుంది? నెత్తుటి చుక్క పాఠాన్నే తీసుకోవచ్చు. బడిలో నిజమైన రక్తంతో పనిలేదు, ఆ ప్రమాదం ఎవరూ తలకెత్తుకోరు. గ్లిజరిన్, నీళ్ళు, ఎర్ర రంగు కలిపి దొంగ రక్తం చేస్తారు. అట్టముక్కను నేల మీద పరిచి పైనుంచి చుక్క వేస్తే గుండ్రంగా పడుతుంది. అట్టను వాల్చి వేస్తే కోడిగుడ్డులా సాగుతుంది. ఆ మరక వెడల్పును పొడవుతో భాగిస్తే వచ్చేది చుక్క తాకిన కోణానికి సైన్. వెడల్పు 6 మిల్లీమీటర్లు, పొడవు 12 అనుకుంటే సగం వస్తుంది, అంటే కోణం 30 డిగ్రీలు. త్రికోణమితి దేనికండీ పనికొస్తుంది అని అడిగే పిల్లవాడికి ఇంతకంటే జవాబేముంది? పిల్లలు కొలుస్తారు, ఒకరికి 28 వస్తుంది, ఒకరికి 34 వస్తుంది. అసలు పాఠం అప్పుడే మొదలవుతుంది. తేడా ఎందుకొచ్చింది? ఎంత తేడాను ఒప్పుకోవచ్చు? కోర్టులో ఏ అంకె చెబుతారు? మంచి ఫోరెన్సిక్ టీచరు పిల్లలచేత ఒకే అంకె ఒప్పించరు. ఆ తేడాను కూడా రాయమంటారు.

ఆకర్షణ కోసం వచ్చిన ఈ చదువుకు ఆకర్షణే ముప్పు తెచ్చింది. 2009లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ వేసిన సంఘం ఫోరెన్సిక్ పద్ధతుల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. డీఎన్‌ఏ తప్ప మిగతా పోలిక పద్ధతుల్లో చాలావాటికి గట్టి శాస్త్రీయ పునాది చూపించలేదని తేల్చింది. పంటిగాట్ల పోలిక మరీ బలహీనమంది. 2015లో ఎఫ్‌బీఐ తన పాత కేసులను తిరగేసిన ఫలితం బయటపెట్టింది. వెంట్రుకలను మైక్రోస్కోపులో పోల్చి తన నిపుణులు చెప్పిన సాక్ష్యాలు సమీక్షించిన విచారణల్లో 90 శాతానికి పైగా తప్పుగా ఉన్నాయని ఒప్పుకుంది. వేలిముద్రలకూ దెబ్బ తగిలింది. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ళ తర్వాత ఒక సంచి మీద దొరికిన ముద్ర ఓరెగాన్‌లోని ఒక న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ పట్టుకుంది. స్పెయిన్ పోలీసులు అది వేరేవాడిదని తేల్చారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

అంతవరకు పంటిగాట్లను వారం రోజుల ప్రాజెక్టుగా చేయించిన టీచర్లు ఏం చేయాలి? పాఠం తీసేయడం సులువు. దాన్ని ఉంచి, ఈ పద్ధతి ఎందుకు నిలబడలేదో పిల్లలచేతనే తేల్పించడం కష్టం, కానీ విలువైనది. ఒకే వెంట్రుకను నలుగురు పిల్లలకిచ్చి వేరువేరుగా నివేదిక రాయమంటే చాలు, సంగతి వాళ్ళకే బోధపడుతుంది. ఫోరెన్సిక్ పాఠ్యప్రణాళికలో తప్పుల అధ్యాయం లేకపోతే అది సీరియల్‌కు ప్రకటన మాత్రమే.

మన దేశంలోనూ ఆ అధ్యాయానికి సరుకు ఉంది. నార్కో పరీక్ష అంటే నిజం కక్కించే ఇంజెక్షన్ అని జనం నమ్మకం. టీవీ చర్చల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు నార్కో చేయించండి అంటూనే ఉంటారు. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని చెప్పింది. ఒక సివిక్స్ టీచరు, ఒక సైన్సు టీచరు కలిసి చెప్పదగ్గ పాఠమిది.

ప్రాచీనత కావాలన్నా దూరం పోనక్కర్లేదు. విషప్రయోగాలు తేల్చడానికి 1849లోనే మద్రాసులో కెమికల్ ఎగ్జామినర్ ప్రయోగశాల వెలిసింది. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో 1897లో మొదలైంది. ఆ ముద్రల వర్గీకరణ వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల లెక్క ఉంది. పేరు మాత్రం దొరగారు ఎడ్వర్డ్ హెన్రీకి వెళ్ళింది. తాకిన ప్రతిదీ ఏదో ఒకటి వదిలిపోతుంది అన్న సూత్రంతో పేరుపడ్డ ఎడ్మండ్ లొకార్ ఫ్రాన్సులోని లియాన్‌లో ప్రయోగశాల పెట్టింది 1910లో. ఫ్రెంచి వీధిపేర్ల మధ్య తిరిగే పుదుచ్చేరి పిల్లలు ఆయన పేరు వినే ఉండాలి, వినలేదంటే లోపం పాఠాలదే. 1991లో శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పుడు తమిళనాడు ఫోరెన్సిక్ విభాగం అధిపతి పి. చంద్రశేఖరన్ గుడ్డపీలికలు, వైరు ముక్కలు, ఫొటోలు కలిపి, హంతకురాలు ఒంటికి కట్టుకున్న బాంబు ఎలా ఉండి ఉంటుందో తిరిగి నిర్మించి చూపారు. ముక్కల నుంచి మొత్తాన్ని ఊహించడం, ఊహను ముక్కలతోనే సరిచూసుకోవడం. హైస్కూలు ప్రాజెక్టుకు ఇంత దగ్గరి ఉదాహరణ ఇంకేం కావాలి?

సరే, పుదుచ్చేరి బడుల్లో దీనికి చోటెక్కడ? ఈ కేంద్రపాలిత ప్రాంతానికి ఒక వింత ఉంది. నాలుగు ముక్కలు, చాలాకాలం మూడు రాష్ట్రాల సిలబస్‌లు. పుదుచ్చేరి, కారైకాల్ పిల్లలు తమిళనాడు పుస్తకాలు చదివారు. మాహే పిల్లలు కేరళవి, గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం పిల్లలు ఆంధ్రప్రదేశ్‌వి చదివారు. 2023-24 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈలోకి మార్చడం మొదలైంది. దాంతో ఇందిరా నగర్‌లో తమిళం మాట్లాడే అమ్మాయీ, యానాంలో తెలుగు మాట్లాడే అబ్బాయీ ఒకే బయాలజీ పుస్తకం చేతపట్టారు. ఈ మార్పు టీచర్లకు ఎంత బరువో వేరే కథ. కానీ ఒక ఫోరెన్సిక్ పాఠాన్ని తయారుచేస్తే నాలుగు చోట్లా వాడుకునే వీలు ఇప్పుడు వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేని రోజులుగా ఉండాలంది. వాటిలో ఒక రోజు చాలు. పెన్సిల్ పొడి, సెల్లో టేపుతో వేలిముద్రలెత్తడం, స్కెచ్ పెన్ను సిరాను వడపోత కాగితం మీద రంగులుగా విడదీసి దొంగ ఉత్తరం ఏ పెన్నుతో రాశారో పట్టడం, ఇద్దరు పిల్లల్ని పంచులుగా నిలబెట్టి పంచనామా రాయించడం. ఆ చివరిదే ముఖ్యం. వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరు తీశారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళింది, సీలు ఎప్పుడు వేశారు. కోర్టుల్లో కేసులు వీగిపోయేది చాలాసార్లు ఈ కాగితం దగ్గరే. సీరియళ్ళలో మాత్రం ఆ కాగితం ఎప్పుడూ కనబడదు.

ఇప్పుడు ఉద్యోగం మాట. ఇక్కడ తీపి మాటలు చెప్పడం సులువు, చెప్పకూడదు. మన ప్రభుత్వ బడుల్లో ప్లస్ టూకి బోధించాలంటే ఆ సబ్జెక్టులో పీజీ, దాని మీద బి.ఎడ్. అడుగుతారు. కెమిస్ట్రీకి కెమిస్ట్రీ, బయాలజీకి బోటనీ, జువాలజీ లాంటివి. ఎం.ఎస్సీ. ఫోరెన్సిక్ సైన్స్ చేతపట్టుకుని వస్తే ఆ పేరుతో పోస్టు ఉండదు. కాబట్టి బడిలో ఈ పాఠం చెప్పాలన్న కోరిక ఉన్నవాళ్ళు మూల సబ్జెక్టులో పీజీ చేసి, ఫోరెన్సిక్‌ను అదనపు డిప్లొమాగానో శిక్షణగానో కలుపుకోవడం వివేకం. అమెరికాలోనూ ఈ క్లాసు చెప్పేవాళ్ళలో చాలామంది కెమిస్ట్రీ, బయాలజీ టీచర్లే. మధ్యాహ్నం ఒక పీరియడు ఫోరెన్సిక్, మిగతా రోజంతా మామూలు కెమిస్ట్రీ.

బడి గేటు దాటితే పరిస్థితి వేరు. సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లోనే క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ విభాగం మొదలైంది. ఉస్మానియాలో ఎం.ఎస్సీ. ఉంది. 2009లో గాంధీనగర్‌లో మొదలైన గుజరాత్ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయాన్ని 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ విశ్వవిద్యాలయం చేశారు. ఆ తర్వాత దానికి వేర్వేరు రాష్ట్రాల్లో క్యాంపస్‌లు వచ్చాయి. కాలేజీ అధ్యాపకులు కాదలచినవాళ్ళకు యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ విడి సబ్జెక్టుగా ఉంది. హైదరాబాదులో రామంతాపూర్ కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, రాష్ట్రాల ఫోరెన్సిక్ ప్రయోగశాలలు, పోలీసు శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. ఫోరెన్సిక్ ప్రయోగశాలకు డైరెక్టరుగా పనిచేసిన కె.పి.సి. గాంధీ 2007లో హైదరాబాదులో పెట్టిన ట్రూత్ ల్యాబ్స్ ప్రైవేటు రంగంలోనూ ఈ పనికి చోటుందని చూపింది.

వీటన్నిటికీ ఒకేసారి మనుషులు కావలసి వచ్చింది కొత్త చట్టంతో. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ఏం చెబుతుందంటే, ఏడేళ్ళు, అంతకుమించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్ళి ఆధారాలు సేకరించాలి, ఆ పనిని వీడియో తీయించాలి. ఆంధ్ర, తెలంగాణల్లో క్లూస్ టీమ్ అని పిలుచుకునేవాళ్ళు ఇకమీదట పెద్ద కేసులకే కాదు, ఏడేళ్ళ గీత దాటిన ప్రతి కేసుకూ కావాలి. సొంత సౌకర్యం లేనిచోట ఇంకో రాష్ట్రం సౌకర్యం వాడుకోవచ్చని చట్టమే వీలిచ్చింది. పుదుచ్చేరిలాంటి చిన్న ప్రాంతాలకు అది ఊరట, యానాంలాంటి దూరపు ముక్కకు మరీనూ. నిపుణుడు వెళ్ళి తీరాలన్న ఆ నిబంధనను అమలు చేసే తేదీ ప్రకటించడానికి రాష్ట్రాలకు ఇచ్చిన గడువు ఐదేళ్ళు.

ఐదేళ్ళంటే 2029 జులై. చట్టం అమల్లోకి వచ్చిన ఏడాది ఇందిరా నగర్‌లోనో యానాంలోనో తొమ్మిదో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి డిగ్రీ రెండో ఏడు చదువుతుంటుంది. పీజీ చేసి క్లూస్ టీమ్‌లోకి రావాలంటే ఇంకా నాలుగేళ్ళు. అంటే గడువు ముగిసేనాటికి కావలసిన నిపుణులు ఇప్పటికే కాలేజీల్లో ఉండాలి. ఆ తర్వాతి వరసవాళ్ళు మాత్రం ఇప్పుడు హైస్కూళ్ళలో ఉన్నారు, కెమిస్ట్రీ ల్యాబులో వడపోత కాగితం మీద సిరా చుక్క పాకడం చూస్తున్నారు. ఆ ప్రాక్టికల్ రికార్డులో పరిశీలన, ఫలితం అని రెండు గళ్ళుంటాయి. పొరపాటుకు అవకాశం ఎంత అని మూడో గడి గీయించడానికి టీచరుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.